శేషము: ఒంగోలు కొండ సాక్ష్యము

యెషయా కుమారుని పేరు షెయార్యాషూబు (యెషయా 7:3), అనగా ‘శేషము తిరుగును’. అందులో హెచ్చరికయు నిరీక్షణయు కలవు: మిగులువారు కొందరే, అయినను వారు దేవునితట్టు తిరుగుదురు.

తెలుగు సంఘ చరిత్రలో దీనికి సాదృశ్యము కలదు. 1853లో అమెరికన్ బాప్టిస్టులు ఫలము కొరవడిన నెల్లూరు మిషనును మూసివేయనాలోచించిరి. 1854 జనవరి 1న జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై ప్రార్థించిరి. 1876-78 కరవులో, ధాన్యముకొరకు ఎవరును సంఘములో చేరకుండునట్లు, జాన్ క్లౌ బాప్తిస్మములు నిలిపెను. సహాయపని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

మా ముదిగుబ్బ కరవు సీమలో వలసలవలన పలుచబడిన సంఘమును చూచి మేము కృంగిన దినములున్నవి. అయితే ఆ లెక్క 24 ఏండ్ల తరువాత వచ్చినది. శేషము ఆనాడే కొండపైనున్నది. మిగిలిన కొందరిని కాయుటయే మన పరిచర్య.