జాలరిపల్లె కథ

చీనాదేశపు దక్షిణమున, హాంగుకాంగు సరిహద్దును ఆనుకొని షెంజెన్ అను మహానగరము కలదు. నిన్నటి జాలరిపల్లె గారడివాని మామిడిమొక్కవలె ఒక్క తరములో మహానగరమైనదని లోకమున వాడుక. మేమును బడిలో ఏండ్ల తరబడి అట్లే చెప్పుచుంటిమి. ఒకనాడొక బాలిక లేచి, "అయ్యవారూ, ఆ మేడలన్నియు జాలరులే కట్టినారాండీ?" అని యడిగెను. మాకు సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి ఆ చరిత్రను మరల చదివితిమి.

1979వ సంవత్సరమున బావోఆన్ అను మండలమును షెంజెన్ నగరముగా మార్చిరి. అప్పటికే అచ్చట సుమారు మూడు లక్షల జనులుండిరి. వరిపొలములు, ఆల్చిప్పల సాగు, అంగడివీధులు, నాంటౌ అను ప్రాచీనమైన కోటపట్టణము నుండెను. జాలరివాడలును గలవు, కాని అదియంతయు నొక్క జాలరిపల్లె కాదు.

1980 ఆగస్టులో అచ్చట ప్రత్యేక ఆర్థికమండలము నేర్పరచి, విదేశపు మూలధనమునకు పన్నులు తగ్గించిరి. హాంగుకాంగులో కూలియు, నేలవెలయు హెచ్చుగా నుండుటచే అచ్చటి వర్తకులు తమ కర్మాగారములను నది దాటించిరి. 1985లో ముగిసిన 53 అంతస్తుల మేడ మూడు దినముల కొక అంతస్తు చొప్పున లేచెనని నేటికిని గొప్పగా చెప్పుకొందురు. 2020 జనాభా లెక్కలనాటికి నగరవాసుల సంఖ్య ఒక కోటి 75 లక్షలు.

ఈ వేగమునకు మూల్యము చెల్లించిన దెవరు? దూరపు పల్లెలనుండి వచ్చిన బీదలు. వారిలో యువతులు పెక్కుమంది. 1958 నాటి నమోదు చట్టముచే వారు పుట్టిన యూరివారుగానే లెక్కింపబడిరి. నగరము వారి శ్రమను గైకొనెను గాని, వారి బిడ్డలకు బడిలో చోటిచ్చుటకు వెనుదీసెను. 2020 నాటికిని నగరపు నమోదు గలవారు మూడింట నొకవంతు మాత్రమే. 1993 నవంబరు 19న ఒక బొమ్మల కర్మాగారము తగులబడగా 87 మంది మరణించిరి. దాదాపు అందరును యువతులే. ద్వారములకు తాళములు, కిటికీలకు ఇనుపచువ్వలు నుండుటచే వారు వెలుపలికి రాలేకపోయిరి. ఆ బొమ్మలు పరదేశపు బిడ్డలు ఆడుకొనుటకై చేసినవి.

పేదరికము తగ్గినమాట నిజము. జాలరులలో కొందరు మేడలును గట్టుకొనిరి. ఆ మేలును మేము కాదనము. అయినను జాలరిపల్లె కథలో గారడి కనబడును గాని, చేతులు కనబడవు. చేతులను మరచిన చరిత్ర బిడ్డలకు కృతఘ్నతను నేర్పును.

మరునాడు ఆ బాలికతో నిట్లంటిమి: "కాదమ్మా. నీకంటె నాలుగైదేండ్లు పెద్దవారైన ఆడపిల్లలనేకులు తమ యూళ్లు విడిచివచ్చి, ఆ నగరమును నిలిపినారు. నిన్నటివరకు ఆ మాట మేము చెప్పకపోవుట మా తప్పు."