"అది చిన్నపిల్లలకి వచ్చేది కదరా?": ఏడీహెచ్‌డీ, ఉద్యోగం, ఒక పాత పొరపాటు



ఈ రోజు ఎపిసోడ్ నా సొంత సంగతితో మొదలుపెడతాను. నాకు 29 ఏళ్ళప్పుడు ఒక సైకియాట్రిస్ట్ మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడి, నా పాత స్కూలు రిపోర్టులు తెప్పించుకుని చూసి, "మీకు ఏడీహెచ్‌డీ ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది" అన్నారు. అప్పటికి నేను నాలుగు ఉద్యోగాలు మారాను. ప్రతిచోటా ఒకటే కథ. మొదటి మూడు నెలలు నేనే హీరో. ఏడాది తిరిగేసరికి పంపాల్సిన రిపోర్టులు పేరుకుపోయేవి, మేనేజర్ నుంచి ఫోన్ వస్తే కడుపులో తిప్పేది, రాజీనామా చేసేసేవాణ్ణి. ఆ రోజు క్లినిక్ బయట నిలబడి మా నాన్నకి ఫోన్ చేస్తే ఆయన అన్న మొదటి మాట: "అది చిన్నపిల్లలకి వచ్చేది కదరా?"

నాకు కోపం వచ్చింది. కానీ తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది ఏంటంటే, చాలా ఏళ్ళపాటు పెద్ద పెద్ద డాక్టర్లు కూడా అదే అనుకున్నారు. ఆ పొరపాటు ఎలా పుట్టింది, ఎలా బయటపడింది, మనకి సరిపోయే పని వెతుక్కోవడానికి ఆ కథలో ఏముంది, ఇదే ఈ రోజు మాట్లాడుకుందాం.

1798కి వెళ్దాం. అలెగ్జాండర్ క్రైటన్ అని ఒక స్కాట్లండ్ డాక్టర్. మనసుకి వచ్చే జబ్బుల మీద పుస్తకం రాస్తూ, అందులో ఒక అధ్యాయం మొత్తం ఏకాగ్రతకే కేటాయించాడు. కొంతమందికి పుట్టుకతోనే మనసు ఒకచోట నిలవదని, కుక్క మొరిగినా తలుపు చప్పుడైనా చెదిరిపోతుందని రాశాడు. ఇంతవరకూ బానే ఉంది. కానీ దాంతోపాటు ఇంకో మాట కూడా రాశాడు: అదృష్టం కొద్దీ ఇది వయసుతోపాటు తగ్గిపోతుంది అని. మా నాన్న అడిగిన ప్రశ్నకి మూలం అంత పాతది.

తర్వాత 1902, లండన్. జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. తెలివి బానే ఉంది, కానీ తమని తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి. దానికి ఆయన వాడిన మాట "నైతిక నియంత్రణలో లోపం". చూశారా, డాక్టర్ నోట్లోంచి కూడా నీతి అనే మాటే వచ్చింది. "బుద్ధి లేదు", "పొగరు", "కావాలనే చేస్తాడు" లాంటి మాటలు మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తాయి కదా, అదే దారి.

1937లో కథ అమెరికా చేరింది. రోడ్ ఐలండ్‌లో పిల్లల ఆసుపత్రి నడుపుతున్న చార్లెస్ బ్రాడ్లీ, పరీక్షల వల్ల వచ్చే తలనొప్పి తగ్గుతుందేమో అని పిల్లలకి బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చి చూశాడు. తలనొప్పి సంగతి అలా ఉంచితే, కొంతమంది పిల్లలు ఉన్నట్టుండి కుదురుగా చదవడం మొదలుపెట్టారు. 30 మందికి ఇచ్చి చూస్తే, దాదాపు సగం మందికి చదువులో పెద్ద మార్పు వచ్చింది. పిల్లలే దానికి "లెక్కల మాత్రలు" అని పేరు పెట్టుకున్నారు. కొన్నేళ్ళకి, 1944లో, స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ కెమిస్టు ఒకాయన మిథైల్‌ఫెనిడేట్ తయారు చేశాడు. ఆయన భార్య ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదే అది రిటాలిన్ అయింది.

ఇక్కడ ఒక్కటి గమనించండి. ఇక్కడిదాకా కొలబద్ద ఏంటి? బడి. లెక్కలు చేశాడా, బెంచీ మీద కూర్చున్నాడా, టీచర్ మాట విన్నాడా. 1968లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ మాన్యువల్ రెండో ఎడిషన్‌లో దీనికి పెట్టిన పేరులోనే "బాల్యం" అనే మాట ఉంది. టీనేజ్‌కి వచ్చేసరికి మామూలుగా తగ్గిపోతుంది అని కూడా రాశారు. మరి తగ్గని వాళ్ళ సంగతి? వాళ్ళ సమస్యకి పేరే లేదు. ఊళ్ళో వాళ్ళు పెట్టిన పేర్లే మిగిలాయి: సోమరి, తిక్కలోడు, నిలకడ లేని మనిషి.

సరిగ్గా ఇక్కడే నాకు బాగా నచ్చిన పేజీ వస్తుంది. కెనడాలోని మాంట్రియల్‌లో గాబ్రియెల్ వైస్ అనే డాక్టరమ్మ, 1960లలో తన దగ్గరికి వచ్చిన ఇలాంటి పిల్లల్ని వదిలెయ్యకుండా ఏళ్ళ తరబడి వెంటాడింది. లిలీ హెక్ట్‌మన్ ఆమెకి తోడైంది. పదేళ్ళ తర్వాత ఆ పిల్లలు కుర్రాళ్ళయ్యారు, కొందరు పనుల్లో చేరారు. అప్పుడు వీళ్ళు ఒక తెలివైన పని చేశారు. టీచర్లనీ అడిగారు, పని ఇచ్చిన యజమానుల్నీ అడిగారు: ఈ అబ్బాయి ఎలా ఉన్నాడు, మామూలు కుర్రాళ్ళతో పోలిస్తే?

1978లో ఫలితాలు అచ్చయ్యాయి. టీచర్లేమో అన్నిట్లోనూ వెనకే అన్నారు. యజమానులు ఇచ్చిన మార్కుల్లో మాత్రం వీళ్ళకీ మామూలు వాళ్ళకీ పెద్ద తేడా లేదు!

అది మొదటిసారి చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. అదే రకం మనుషులు, అదే మెదడు. చోటు మారితే తీర్పు మారిపోయింది.

కానీ ఇక్కడే ఆపేస్తే నేను మీకు సగం నిజమే చెప్పినట్టు. వీళ్ళింకా కొన్నేళ్ళు పెద్దయ్యాక మళ్ళీ యజమానుల్ని అడిగితే, ఈసారి తేడా కనిపించింది. సొంతంగా పని నడిపించుకోవడం, మొదలుపెట్టింది పూర్తి చెయ్యడం, పై అధికారితో నెగ్గుకురావడం, వీటిలో మార్కులు తగ్గాయి.

ఎందుకు? నాకు అర్థమైంది చెప్తాను. మొదటి ఉద్యోగంలో పని కళ్ళముందు ఉంటుంది. చెప్పేవాడు పక్కనే ఉంటాడు. సాయంత్రానికి అయిందో లేదో తెలిసిపోతుంది. పైకి వెళ్ళేకొద్దీ ఎవరూ చెప్పరు. ప్లాన్ నువ్వే వేసుకోవాలి, గడువు మూడు నెలల తర్వాత ఉంటుంది, మధ్యలో అడిగే దిక్కుండదు. ఏడీహెచ్‌డీ గట్టిగా దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. నా నాలుగు ఉద్యోగాల్లో మొదటి మూడు నెలలు హీరో ఎందుకయ్యానో, తర్వాత ఎందుకు మునిగానో ఆ మాంట్రియల్ లెక్కల్లో నాకు కనిపించింది.

ఈలోగా పెద్దవాళ్ళ వైపు కూడా తలుపు తెరుచుకుంది. 1976లో యూటా యూనివర్సిటీలో పాల్ వెండర్, ఆయన బృందం పెద్దవాళ్ళలోనే ఈ లక్షణాలు పరీక్షించి, వైద్యం చేసి చూశారు. 1980 మాన్యువల్‌లో చంచలత్వం లేకపోయినా ఏకాగ్రత సమస్య ఉండొచ్చు అని ఒప్పుకున్నారు. క్లాసులో అల్లరి చెయ్యకుండా కిటికీ బయటికి చూస్తూ కూర్చునే అమ్మాయిలకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే అప్పటిదాకా వాళ్ళు ఎవరి కంటా పడలేదు. 1987లో ఏడీహెచ్‌డీ అనే పేరు వచ్చింది. 1993లో ఇద్దరు అమెరికన్ ఆడవాళ్ళు పెద్దవాళ్ళ కోసమే ఒక పుస్తకం రాశారు. దాని పేరుకి అర్థం "అంటే నేను సోమరినీ, మొద్దునీ, పిచ్చిదాన్నీ కాదా?!" అని. ఆ ఒక్క పేరులో ఎన్ని ఏళ్ళ ఏడుపు ఉందో చూడండి. 2013లో మాన్యువల్ మళ్ళీ మారి, పెద్దవాళ్ళకి ఎన్ని లక్షణాలుంటే లెక్కలోకి వస్తుందో విడిగా చెప్పింది.

1993లోనే న్యూయార్క్ నుంచి ఇంకో పరిశీలన వచ్చింది. చిన్నప్పుడు ఈ సమస్య ఉన్న అబ్బాయిలు 25 ఏళ్ళ వయసు దాటాక చూస్తే, తోటివాళ్ళకంటే తక్కువ చదివారు, కింది స్థాయి పనుల్లో ఎక్కువ ఉన్నారు. కానీ దాదాపు అందరూ ఏదో ఒక పని చేసుకుంటున్నారు. సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్ళు కూడా తోటివాళ్ళకంటే వీళ్ళలోనే ఎక్కువ.

అందుకని "ఏడీహెచ్‌డీ ఒక సూపర్ పవర్" అనే రీల్స్‌ని నమ్మకండి. 10 దేశాల ఉద్యోగుల మీద జరిగిన సర్వే 2008లో వచ్చింది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళు ఏడాదికి సుమారు 22 రోజుల పని ఎక్కువ పోగొట్టుకుంటున్నారని తేలింది. అది జీతం, ప్రమోషన్, ఇంట్లో పరువు. మైకేల్ ఫెల్ప్స్‌కి 9 ఏళ్ళకే ఏడీహెచ్‌డీ అని తేలింది, 23 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు, నిజమే. కానీ ఆయన చుట్టూ ఏముందో కూడా చూడాలి కదా: టైం చెప్పే కోచ్, ఈత అవ్వగానే ఫలితం చూపించే గడియారం, వదిలిపెట్టని అమ్మ. అవన్నీ తీసేసి పతకాలు మాత్రం చూపిస్తే ఎలా?

అందుకే "ఏడీహెచ్‌డీకి బెస్ట్ జాబ్ ఏది?" అని ఎవరైనా అడిగితే నేను ఉద్యోగాల పేర్లు చెప్పను. నాలుగు ప్రశ్నలు చెప్తాను. ఒకటి, నేను చేసిన పనికి ఫలితం ఎప్పుడు తెలుస్తుంది, ఈ రోజా, ఆరు నెలలకా? రెండు, గడువు ఎవరు పెడతారు, మధ్యలో ఎవరు అడుగుతారు? మూడు, రోజంతా ఒకే కుర్చీయా, లేచి తిరిగే పనా? నాలుగు, అన్నిటికంటే ముఖ్యం, నాకు అస్సలు చేతకాని భాగం ఈ పనిలో ఎంత ఉంది, దాన్ని పంచుకునే మనిషి ఉన్నారా?

నేనిప్పుడు ఐదో ఉద్యోగంలో ఉన్నాను, మూడేళ్ళు దాటింది. ఎక్కడైనా సర్వర్ పడిపోతే వెళ్ళి నిలబెట్టే టీమ్. గంటలో తేలిపోయే పని. రిపోర్టులంటే ఇప్పటికీ భయమే. ప్రతి శుక్రవారం నాలుగింటికి ఒక కొలీగ్ పక్కన కూర్చుంటుంది, ఇద్దరం కలిసి పూర్తి చేస్తాం. డాక్టర్ రాసిన మందు కూడా వాడుతున్నాను, నాకు ఉపయోగపడింది.

ఒక జాగ్రత్త. వీడియో చూసి మీకు మీరే పేరు పెట్టుకోకండి. ఆందోళన, డిప్రెషన్, నిద్రలేమి కూడా ఇలాగే కనిపిస్తాయి. 12 ఏళ్ళలోపే లక్షణాలు ఉన్నాయా, ఇంట్లోనూ బయటా కూడా ఉన్నాయా అని డాక్టర్లు చూస్తారు. ఫ్రెండ్ దగ్గర మాత్రలు అడిగి అస్సలు వేసుకోవద్దు. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి చేయండి, ఉచితం.

చివరగా మా నాన్న. ఆయనది మోటారు వైండింగ్ షాపు. ఎండాకాలం పొలాల్లో మోటార్లు కాలిపోతే రైతులు రాత్రికి రాత్రి తెచ్చేవాళ్ళు. ఆయన తెల్లారేలోపు చుట్టి ఇచ్చేవాడు, ఆ హడావుడిలో ఆయన మొహం వెలిగిపోయేది. కానీ ఒక్కరోజు కూడా లెక్కల పుస్తకం ముట్టుకున్నది చూడలేదు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో రాసింది, వసూలు చేసింది, కరెంటు బిల్లు గడువు గుర్తుపెట్టుకున్నది మా అమ్మ. నేను ఆయనకి ఏ పేరూ పెట్టట్లేదు, అది డాక్టర్ పని. కానీ మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ మాంట్రియల్ కథ మొత్తం ఆయనకి చెప్పాను. అంతా విని, కాసేపు ఆగి, "అయితే ఆ లెక్కల పుస్తకం మీ అమ్మ చూడకపోయి ఉంటే నా షాపు ఎప్పుడో మూతపడేదిరా" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి, "ఇప్పుడు తెలిసిందా" అంది.

సరే అండి, మీ లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందో ఒకసారి ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.