కపిలబావులు – కణాదుని కర్మవిచారము

పెన్నానది గండికోట వద్ద ఎఱ్ఱని శిలలను చీల్చుకొని లోతైన గండిగుండా ప్రవహించి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సీమలకు చేరుతుంది. నీరు పల్లానికి పోతుంది. పైరు మెరకన ఉంటుంది. ఈ రెంటి మధ్యనున్న ఎత్తును జయించే యత్నమే కడప మండల సేద్యచరిత్రకు మూలము.

వైశేషిక దర్శనము జలమునకు గురుత్వము, ద్రవత్వము అను గుణాలను చెప్పింది. గురుత్వము వలన పతనము, ద్రవత్వము వలన స్యందనము కలుగుతాయి. ఆ దర్శనంలో ‘కర్మ’ అంటే పుణ్యపాపాలు కావు, చలనము. అది ఉత్క్షేపణము, అవక్షేపణము, ఆకుంచనము, ప్రసారణము, గమనము అని ఐదు విధాలు. కణాదుడు ఐదవ అధ్యాయంలో ఈ విచారానికి రోలు, రోకలిని దృష్టాంతంగా స్వీకరించాడు. శాస్త్రము వంటింటి పనిముట్టు నుండే ఆరంభమైంది.

ఈ మండలంలో పూర్వులు మొదట నీటి సహజగుణాన్నే ఆశ్రయించారు. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము, విజయనగర రాకుమారుడు భాస్కరుడు త్రవ్వించిన తటాకాన్ని వర్ణిస్తుంది. వేయిమంది పనివారు, నూరు బండ్లతో రెండేండ్లకు అది పూర్తయింది. కట్ట ఎత్తున నిలిచిన నీరు తూము విప్పగానే తన గురుత్వంతో తానే పొలానికి దిగేది. 1860 దశకంలో ఒక ఆంగ్ల సంస్థ నిర్మింపగా 1882లో ప్రభుత్వము కొనుగోలు చేసిన కర్నూలు–కడప కాలువ ప్రొద్దుటూరు సీమకు తుంగభద్రాజలాన్ని తెచ్చింది కూడా ఈ న్యాయంతోనే.

చెరువు, కాలువ అందనిచోట కపిల ఆధారమైంది. బావి ఒడ్డున గిలక, దానిపై మోకు, మోకు కొసన తోలుతొండము గల బాన. ఎద్దులు వాలుదారిని దిగుతూ లాగితే బాన పైకి వస్తుంది. ఎద్దుల బలము మోకు ద్వారా బానకు చేరడాన్ని వైశేషికులు సంయుక్తసంయోగమంటారు. స్థిరమైన గిలక బరువును తగ్గించదు, బలము పనిచేసే దిక్కును మాత్రమే మారుస్తుంది. వాలు వలన ఎద్దుల శరీరభారము కూడా లాగుటకు తోడ్పడుతుంది. తోలేవాడు మోకుపై కూర్చుంటే అతని బరువూ కలిసివస్తుంది.

అయితే ఇది ఉచితలాభమా? కాదు. దిగిన ఎద్దులు మరల మిట్ట ఎక్కాలి. దిగునప్పుడు ఇచ్చిన సాయాన్ని ఎక్కునప్పుడు అవి తమ శక్తితో చెల్లించుకుంటాయి. ఆ శక్తి తిన్న మేత నుండి వస్తుంది. నూరు లీటర్ల నీటిని 10 మీటర్లు ఎత్తుటకు సుమారు 9,800 జౌళ్ల పని అవసరము. ఏ యంత్రమూ దీనిని తగ్గింపజాలదు. చేసినది నశించదు, చేయనిది లభించదు అని కర్మఫలము విషయంలో పెద్దలు చెప్పే న్యాయానికి ఇది భౌతికలోకపు ఉపమానము.

ఉపమానాన్ని ప్రమాణంగా భ్రమింపరాదు. వేగమనే సంస్కారము వస్తువు కదలికను కొనసాగిస్తుందని వైశేషికుల మతము. సమవేగంతో ఋజుమార్గాన సాగే చలనానికి వేరు కారణమక్కరలేదని 1687లో న్యూటన్ ప్రకటించాడు. రెండూ ఒకటే అనుట ఋషులకు గౌరవము కాదు. నిత్యదృష్టమైన రోకలిపోటును కూడా కార్యకారణవిచారానికి తగినదిగా ఎంచుటలోనే కణాదుని ఘనత ఉన్నది.

నేడు కపిలలు మౌనం వహించాయి. ఒక్క యూనిట్ విద్యుత్తులో 36 లక్షల జౌళ్లున్నాయి. నష్టాలను విడిచి లెక్కిస్తే అది పై చెప్పిన 367 బానల పని. గండికోట జలాశయపు నీటిని మోటార్లు అంచెలంచెలుగా పార్నపల్లె వద్దనున్న చిత్రావతి జలాశయానికి ఎత్తి, పులివెందుల సీమకు అందిస్తున్నాయి. కానీ లెక్క మారలేదు. నీరు 10 మీటర్ల నుండి 200 మీటర్ల లోతుకు దిగితే, అదే నూరు లీటర్లకు ఇరవై రెట్ల పని కావాలి. ఎద్దు అలసట కంటికి కనబడేది గనుక కపిలకాలపు రైతు నీటి వెల ఎరిగి వాడేవాడు. మీట నొక్కే చేతికి ఆ అలసట తెలియదు. తెలియనంత మాత్రాన ఋణము తీరదు. చీనీతోట ఎండిననాడు అది ఎదుట నిలుస్తుంది. నీటిని మితంగా వాడుట, వాననీటిని నేలలో ఇంకించుట ఆ ఋణాన్ని తీర్చే మార్గాలు.