హైవే పక్కన మాయమైన ద్రాక్ష పందిళ్లు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వచ్చి హైవే ఎక్కితే, హైదరాబాద్ చేరేలోపు మేడ్చల్, కొంపల్లి దాటుతాం కదా. ఇప్పుడక్కడ అంతా వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు. ఒకప్పుడు ఆ వైపు చాలాచోట్ల ద్రాక్షతోటలే.

ద్రాక్ష అనగానే మనకు సముద్రం పక్కన లోయలు, వైన్ సీసాలు గుర్తొస్తాయి. మన కథ వేరు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాద్‌లో పరిచయం చేశారని చెప్పే రకం 'అనాబ్-ఎ-షాహీ', అంటే రాజద్రాక్ష. గింజలుండే పెద్ద తెల్లపండు, తినడానికే పేరు.

చలిదేశాల్లో శీతాకాలం తీగ నిద్రపోతుంది. ఇక్కడ నిద్రపోదు. అందుకే మన రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు: ఎండాకాలంలో కొమ్మల కోసం, అక్టోబర్‌లో కాయల కోసం.

మరి ఏమైంది? బోర్లు ఎండాయి. తెగుళ్ల మందులకు ఖర్చు పెరిగింది. మహారాష్ట్ర నుంచి గింజల్లేని ద్రాక్ష మార్కెట్‌ను పట్టేసింది. పంట కంటే ప్లాటే లాభమైంది. అమ్ముకున్న రైతును నేను తప్పుపట్టను. కానీ పందిరితోపాటు, ఏ కణుపు దగ్గర కత్తిరించాలో తెలిసిన చేతులూ పోతున్నాయి. అదీ నా బాధ.

మీ ఇంట్లో తాతో నానమ్మో ఆ తోటల్లో పనిచేసి ఉంటే, అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. అదే మన చరిత్ర. మళ్లీ కలుద్దాం!