సగం అమ్మ చీర, సగం గోనెసంచి

ఇటు జరగండర్రా, పొగ అటు మళ్ళింది. పెద్దాడా, ఆ తాటిమట్ట ఇంకోటి వెయ్యి. ఏమిటీ, బళ్ళో వేషాల పోటీకి బట్టలు అద్దెకు తెస్తారా? తేవద్దు. ఇంట్లోనే కడదాం. మా అమ్మ మా చేత ఎలా కట్టించిందో చెబుతాను, వినండి.

నా చిన్నతనంలో సరిగ్గా ఈ రోజుల్లోనే, కుప్పనూర్పిళ్ళయి గాదెలు నిండాక, పగటివేషగాళ్ళు ఊళ్ళోకి దిగేవాళ్ళు. రోజుకో వేషం. ఒకనాడు సోమయాజులూ సోమిదేవమ్మా, ఒకనాడు పఠాను, ఇంకోనాడు బుడబుక్కలవాడు. అన్నీ అయ్యాక ఆఖరు రోజున ఇంటింటికీ వచ్చి సంభావన పుచ్చుకునేవాళ్ళు. రాత్రి నాటకమనుకోండి, దీపాల వెలుతురూ దూరమూ కలిసి సగం లోపాలు కప్పేస్తాయి. వీళ్ళకా వెసులుబాటు లేదు. పట్టపగలు, మన గుమ్మంలో, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నిలబడి నమ్మించాలి. అంత కష్టమైన విద్య ఇంకోటి లేదని నేనిప్పటికీ అంటాను.

మా తాతయ్య యుగంధరుడి కథ చెప్పేవాడు. ఢిల్లీ చెరలో ఉన్న కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి విడిపించడానికి ఆ మంత్రి పిచ్చివాడి వేషం కట్టాడట. ఆ కథనే వేదం వేంకటరాయశాస్త్రిగారు 1897లో ‘ప్రతాపరుద్రీయం’ నాటకంగా రాశారు. "చిరుగుల గుడ్డ ఎవడైనా చుట్టుకుంటాడురా, పిచ్చివాడి చూపు పట్టుకోవాలి" అనేవాడు తాతయ్య.

అన్ని వేషాల్లోకీ పెద్దది అర్ధనారీశ్వరం. ఒక్కడే మనిషి. కుడివైపు శివుడు, ఎడమవైపు పార్వతి. ముఖానికి ఎదురుగా నిలువుగా తెర పట్టుకుని ఇటు తిరిగితే అయ్యవారు, అటు తిరిగితే అమ్మవారు. అది చూసిన రోజు మా తమ్ముడు అన్నం కూడా ముట్టలేదు. తనకూ అదే వేషం కావాలని ఒకటే పోరు.

అమ్మ కాదనలేదు. అక్కనీ నన్నూ పిలిచి పని పంచింది. గోనెసంచి విప్పి, ఉతికి, పసుపునీళ్ళలో ముంచి ఆరేస్తే, దానిమీద నేను బొగ్గుతో చారలు గీశాను. పులితోలయింది. అక్క గోగునారని మసినీళ్ళలో నానబెట్టి జడలు పేనింది. పాత పంచె ముక్క పురిపెట్టి పాముని చేశాం. నెలవంకకి అట్టముక్క కత్తిరించి, సిగరెట్ పెట్టెలోని వెండికాగితం తుమ్మబంకతో అంటించాం. మెడకి తాతయ్య రుద్రాక్ష తావళం. అటువైపు అమ్మ పాత పట్టుచీర కుచ్చిళ్ళు, ఒక్క చేతికి గాజులు, ఒక్క చెవికి లోలాకు, ఒక్క కాలికి పట్టీ.

రంగుల దగ్గర మాత్రం అమ్మ మహా కచ్చితం. నాటకాలవాళ్ళు ముఖానికి అర్దళం పూసుకునేవారు. పసుపుపచ్చగా భలే మెరుస్తుంది గానీ అందులో పాషాణం ఉంటుంది. పిల్లల ముఖాల దరిదాపులకి రానిచ్చేది కాదు. ముందు పల్చగా కొబ్బరినూనె రాసి, శివుడివైపు విభూతి, అమ్మవారివైపు పసుపు. మీసం సగమే, కాటుకతో. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి వస్తుంది కదా, అది పాదానికి మాత్రమే. సున్నం ముఖాన్ని మండిస్తుంది.

ఇంతా అయ్యాక వీధిలోకి పంపిందనుకున్నారా? లేదు. "ముందు వెళ్ళి చెరువు నుంచి బిందె మోసుకొచ్చే వాళ్ళని చూసి రారా, అడుగు ఎలా వేస్తారో" అంది. వాడు పొద్దంతా చెరువుగట్టు మీదే కూర్చున్నాడు. ఇంటికొచ్చి వసారాలో నడిచి చూపిస్తే నానమ్మ పనాపి మరీ చూసింది.

మర్నాడు మేం వీధిలో తెర పట్టుకుని తిరుగుతుంటే ఆ పగటివేషగాడే ఎదురొచ్చాడు. మాకు గుండె జారిపోయింది. ఆయన నవ్వలేదు, కసరలేదు. తమ్ముణ్ణి అరుగెక్కించి, నొసటి నుంచి గడ్డం దాకా రెండు రంగులూ కలిసిపోయినచోట తన పైపంచె కొసతో తుడిచి, కాటుకలో ముంచిన దారం ఆనించి గీత తిన్నగా దిద్దాడు. "తల ఒక్కటే తిప్పకు బాబూ. మడమ మీద ఒళ్ళంతా తిప్పు. అమ్మవారయినప్పుడు ఊపిరి కూడా నెమ్మదిగా తియ్యి" అని చెప్పాడు. ఆ వీధి చివరికొచ్చేసరికి వాడి గొంతులోనే తేడా వచ్చేసింది. నేను చెవులారా విన్నాను.

ఒసే చిన్నమ్మా, నీకదే వేషం కడతాను. గోనెసంచి గొడ్లసావిట్లో ఉంది, చీర సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు రేపు పొద్దున్నే లేచి, పాలుపోసే అత్త క్యాను దించేటప్పుడు నడుమెలా వంచుతుందో, మళ్ళీ ఎత్తుకునేటప్పుడు ఏ కాలు ముందు వేస్తుందో చూసొచ్చి నాకు చెప్పు. అది చెప్పాకే నారకి మసి పూద్దాం.