జ్ఞాన పోర్టళ్లు: కొత్త విద్యార్థికి నేర్పవలసిన తొలి పాఠాలు

ప్రభుత్వ వ్యయంతో నడిచే ఉచిత జ్ఞాన భాండాగారాలు నేడు ఫోన్‌లోనే అందుబాటులో ఉన్నాయి. అయినా కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులు చాలామంది ప్రశ్నను యథాతథంగా టైపు చేసి, మొదట కనిపించిన పేరాను నకలు చేసుకుంటున్నారు. ఏ అవసరానికి ఏ పోర్టల్‌ను ఆశ్రయించాలో వారికి ఎవరూ చెప్పకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. శిక్షణ అక్కడి నుంచే మొదలు కావాలి.

ఏది ఎందుకు?

ఒక విషయాన్ని క్రమపద్ధతిలో నేర్చుకోవడానికి 'స్వయం' ఉపయోగపడుతుంది. 2017 జులై 9న ప్రారంభమైన ఈ వేదికలో వీడియో పాఠాలు, పఠన సామగ్రి, స్వీయ మూల్యాంకన పరీక్షలు, చర్చా వేదిక ఉంటాయి. చదువు ఉచితమే. అయితే కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షకు నమోదైనట్లు కాదు. ధ్రువపత్రం కావలసినవారు గడువులోగా విడిగా దరఖాస్తు చేసి, రుసుము చెల్లించాలి. ఇది తెలియక పాఠాలన్నీ పూర్తిచేసినా పరీక్షకు దూరమయ్యే ప్రమాదం ఉంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టర్‌లోని మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివేందుకు విద్యాసంస్థలు అనుమతించవచ్చు. తమ కళాశాల ఆ క్రెడిట్లను అంగీకరిస్తుందో లేదో చేరే ముందే తెలుసుకోవాలి.

పుస్తకాలు, వ్యాసాల కోసం భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని చూడాలి. ఐఐటీ ఖరగ్‌పూర్ అభివృద్ధి చేసిన ఈ పోర్టల్ వివిధ సంస్థల భాండాగారాలను ఒకేచోట వెతికే వీలు కల్పిస్తుంది.

పరిశోధన గ్రంథాలకు 'శోధ్‌గంగ' ఆధారం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీనిని నిర్వహిస్తోంది. ఇక్కడ సిద్ధాంత గ్రంథాలు సాధారణంగా అధ్యాయాలవారీగా విడి ఫైళ్లుగా ఉంటాయి. కొత్తవారు ముందుగా విషయసూచిక, ఉపోద్ఘాతం, ఉపయుక్త గ్రంథాల పట్టిక చదివితే చాలు. ఆ అంశంపై ఎవరెవరు ఏం రాశారో తెలుస్తుంది.

తెలుగులో వెతికేటప్పుడు

తెలుగు పుస్తకాల వివరాలు కొన్నిచోట్ల తెలుగు లిపిలో, మరికొన్నిచోట్ల రోమన్ లిపిలో నమోదయ్యాయి. రోమన్ వర్ణక్రమంలోనూ ఏకరూపత లేదు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కోసం వెతికేవారు 'చరిత్ర', 'చరిత్రము' అనే రెండు రూపాలనూ, రెండు లిపుల్లోనూ ప్రయత్నించాలి. పూర్తి శీర్షికతో ఫలితం రాకపోతే రచయిత ఇంటిపేరుతో వెతకాలి. ఒక్కసారి వెతికి, పుస్తకమే లేదనే నిర్ణయానికి రాకూడదు.

తరగతి గదిలో

ఉపన్యాసం కంటే అభ్యాసం మేలు. అధ్యాపకులు ఒకే ప్రశ్న ఇచ్చి, దానికి రెండు పోర్టళ్లలో సమాధానం వెతకమనాలి. ప్రతి ఆధారానికీ రచయిత, సంవత్సరం, ప్రచురణకర్త, పుట సంఖ్య రాయించాలి. రెండు ఆధారాలు విభేదిస్తే, దేనిని ఎందుకు నమ్మారో రెండు వాక్యాల్లో సొంతంగా రాయమనాలి. నకలు చేసే అలవాటు మానడానికి ఆ రెండు వాక్యాలే తొలి మెట్టు అవుతాయి.