ఇగ్నిషన్ కన్వర్షన్: పాత కార్లలో పాయింట్లు, ఎలక్ట్రానిక్ కిట్లు

పెట్రోలు ఇంజన్ సిలిండర్‌లో ఒత్తిడికి లోనైన గాలి, పెట్రోలు మిశ్రమాన్ని సరైన క్షణంలో అంటించడం ఇగ్నిషన్ వ్యవస్థ పని. 20వ శతాబ్దంలో చాలా దశాబ్దాలు కార్లలో ఈ పని చేసినవి కాంటాక్ట్ బ్రేకర్లు. మన మెకానిక్కులు వీటిని సీబీ పాయింట్లనీ, వట్టి పాయింట్లనీ అంటారు. పాత కారులో ఒక్కో సిలిండర్‌కు రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌లోంచి వీటిని తీసేసి, వాటి చోట సెన్సరు, ట్రాన్సిస్టర్లు ఉన్న యూనిట్ బిగించడమే ఇగ్నిషన్ కన్వర్షన్.

పాయింట్ల పద్ధతికి ఇంజనీర్లు కెటరింగ్ ఇగ్నిషన్ అని పేరు పెట్టారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ పట్నంలో క్యాష్ రిజిస్టర్ల కంపెనీలో పనిచేసిన చార్లెస్ కెటరింగ్, తన సహచరుడు ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి 1909లో డెల్కో సంస్థను నెలకొల్పాడు. ఆ సంస్థ చేసిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్‌లో వచ్చింది. అంతకుముందు కార్లు మాగ్నెటోల మీదో, గలగలమంటూ అదిరే ట్రెంబ్లర్ కాయిల్స్ మీదో నడిచేవి. ఫోర్డ్ మోడల్ టి అయితే 1927లో తయారీ ఆగిపోయేదాకా ఆ కాయిల్స్‌నే నమ్ముకుంది.

పాయింట్లు పనిచేసే తీరు ముచ్చటైనది. రెండు టంగ్‌స్టన్ బిళ్లలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపు కాయిల్‌లోని ప్రైమరీ చుట్టల్లో మూడు, నాలుగు ఆంపియర్ల కరెంటు పారుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది క్యామ్ గుబ్బ వచ్చి తాకగానే బిళ్లలు విడిపోతాయి, కరెంటు తెగుతుంది, కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కూలడంలోనే సెకండరీ చుట్టల్లో వేల వోల్టులు పుట్టి, డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ గుండా, దాని పైమూత అయిన క్యాప్ గుండా స్పార్క్ ప్లగ్‌కు చేరతాయి. పక్కనే ఉండే కండెన్సర్ చిన్నదే అయినా అది లేకపోతే ఏదీ సాగదు. బిళ్లలు విడిపోయేటప్పుడు వాటి మధ్య మంట లేవకుండా ఆపి, కరెంటు చటుక్కున తెగేలా చేసేది అదే.

బలహీనత కూడా ఇక్కడే ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 200 నిప్పురవ్వలు కావాలి. ఎనిమిది సిలిండర్లకు 400. ఆ వేగంలో కాయిల్ నిండడానికి సమయం చాలదు, స్ప్రింగు కూడా ఎగిరెగిరి పడుతుంది. అయితే మామూలు వాడకంలో అసలు సమస్య వేగం కాదు, అరుగుదల. కరెంటు తెగిన ప్రతిసారీ బిళ్లల మీద కొంచెం కొంచెంగా గుంటలు పడతాయి. క్యామ్‌ను రాసుకుంటూ ఉండే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ పాయింట్ల గ్యాప్ తగ్గి, రవ్వ ఆలస్యంగా పడుతుంది. 0.4 మిల్లీమీటర్ల ఆ గ్యాప్ మీదే టైమింగ్, అంటే రవ్వ పడే క్షణం, అంతా ఆధారపడి ఉంది. అందుకే కొన్ని వేల కిలోమీటర్లకోసారి ఫీలర్ గేజ్ అనే పలుచని కొలరేకు పెట్టి సరిచూడాల్సి వచ్చేది.

1947లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్ ఈ చిక్కుకు దారి చూపింది. మొదటి ఉపాయం సులువైనది: పాయింట్లను ఉంచి, ఎక్కువ కరెంటును ట్రాన్సిస్టర్‌కు అప్పగించడం. దానితో బిళ్లలు కాలడం తగ్గింది కానీ ఫైబర్ అరగడం ఆగలేదు. 1963లో డెల్కో-రెమీ కొన్ని పాంటియాక్ కార్లకు పాయింట్లే అక్కరలేని, అయస్కాంత సెన్సరుతో నడిచే పద్ధతిని ఐచ్ఛికంగా ఇచ్చింది. 1971లో జాగ్వార్ పన్నెండు సిలిండర్ల ఇంజన్‌కు లూకాస్ కంపెనీ ఓపస్ వ్యవస్థ తోడయింది. సెకనుకు 600 రవ్వలు అడిగే ఇంజన్‌కు ఒక్క జత పాయింట్లు ఏ మూలకూ చాలవు.

అయినా పాయింట్లను కొత్త కార్లలోంచి సాగనంపినది వేగం కన్నా చట్టమే. అమెరికా 1970 స్వచ్ఛ వాయు చట్టం తర్వాత పొగ పరిమితులను 50,000 మైళ్ల వరకు నిలబెట్టుకోవాల్సి వచ్చింది. నెలనెలా తప్పుకునే టైమింగ్‌తో అది సాధ్యం కాదు. పైగా 1975 మోడళ్లతో వచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్లకు మిస్సింగ్ కొట్టే (రవ్వ తప్పే) ఇంజన్ ప్రాణాంతకం, మండని పెట్రోలు లోపలికి చేరి వాటిని కాల్చేస్తుంది. క్రిస్లర్ 1973లో తన అమెరికన్ కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చింది. జనరల్ మోటార్స్ 1975లో అదే దారి పట్టింది.

పాత కార్ల యజమానులకు కిట్లు అప్పటికే అందుబాటులోకి వచ్చాయి. అమెరికాలో హీత్‌కిట్ సంస్థ విడిభాగాలుగా అమ్మితే జనం ఇంట్లో సోల్డరింగ్ చేసుకున్నారు. బ్రిటన్‌లో ల్యూమెనిషన్ కిట్ పరారుణ కిరణాన్ని తిరిగే రెక్కతో అడ్డగించి రవ్వ క్షణాన్ని పసిగట్టేది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న హాల్ ప్రభావాన్ని. క్యామ్ మీద అయస్కాంతాల చక్రం, పక్కన చిన్న సెన్సరు, బయటికి రెండే తీగలు. క్యాప్ మూసేస్తే కారు పాత రూపం చెక్కుచెదరదు.

ఈ కిట్‌తో పికప్ అమాంతం పెరుగుతుందన్న ప్రచారాన్ని నమ్మనవసరం లేదు. సరిగ్గా పెట్టిన కొత్త పాయింట్లతో పోల్చితే మామూలు వేగంలో తేడా దాదాపు కనబడదు. దాని గొప్పతనం స్థిరత్వం: ఇవాళ పెట్టిన టైమింగ్ ఏడాది తర్వాతా అక్కడే ఉంటుంది. కానీ ఇంజన్ నడకను బట్టి టైమింగ్ మార్చే భాగాలు చెడితే, అంటే బిగుసుకుపోయిన అడ్వాన్స్ బరువులను, చిరిగిన వాక్యూమ్ డయాఫ్రమ్‌ను ఏ సెన్సరూ బాగుచేయదు. బిగించేముందు కాయిల్ నిరోధం, కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ సంగతి చూసుకోవాలి. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపే పద్ధతి) ఉంటుంది కాబట్టి దానికి తగిన యూనిట్టే కొనాలి, లేదంటే క్షణంలో కాలిపోతుంది. ఇంజన్ ఆగి ఉండగా స్విచ్ ఆన్‌లో వదిలేసినా కొన్ని యూనిట్లు వేడెక్కి చెడతాయి.

మన దేశంలో పాత అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు పాయింట్లతోనే తిరిగాయి. హైదరాబాదు, విజయవాడ లాంటి ఊళ్లలో ఓ తరం డ్రైవర్లకు గరుకు కాగితంతో బిళ్లలు రుద్ది, గ్యాప్ సరిచేసి బండి కదిలించడం మామూలు విద్య. పాయింట్లు చెడేముందు మిస్సింగ్ రూపంలో హెచ్చరిస్తాయి, రోడ్డు పక్కనే బాగవుతాయి. ఎలక్ట్రానిక్ యూనిట్ సాధారణంగా చెప్పకుండా చచ్చిపోతుంది, దాన్ని విప్పి బాగుచేసేవాళ్లు దొరకరు. దూరప్రయాణాలకు కిట్ బిగించుకున్నవాళ్లు కూడా పాత పాయింట్లు, కండెన్సర్ బిగించిన బేస్ ప్లేటును డిక్కీలో ఉంచుకోవడం అందుకే సరైన జాగ్రత్త. రెండు స్క్రూలు, ఒక తీగ మారిస్తే బండి మళ్లీ నడుస్తుంది. ఇప్పుడు మార్కెట్లో దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకానివి ఎక్కువ కావడం వల్ల, పాయింట్లంటే ఇష్టపడేవాళ్లలో కొందరు కూడా కన్వర్షన్ వైపు మొగ్గుతున్నారు.